ఆవిరి కన్నం

కిలీనా చేప రొట్టె తిననివాడు మా ఊళ్లో లేడు. తిని వంక పెట్టినవాడూ లేడు. ఒకవేళ ఎవడైనా పెట్టినా వాడికి మళ్లీ ముక్క దక్కలేదు. పులిసి పొంగిన పిండిని రెండుగా చేసి, అడుగుదాని మీద నది చేప, వేయించిన ఉల్లిపాయ, మిరియాలు పరిచి, రెండోదాన్ని మూతలా కప్పి, అంచులు చుట్టూ మడిచి నొక్కేది. నట్టనడుమ రెండు వేళ్లు దూరేంత కన్నం వదిలేది. కాలేటప్పుడు లోపలి ఆవిరి దాంట్లోంచి పోవాలి. లేకపోతే రొట్టె పక్కకి పగిలి రసమంతా పొయ్యి పాలవుతుంది. బయటికి తీశాక అదే కన్నంలోంచి చేప తలకాయ చారు గరిటెతో పోసేది. అప్పుడు లేచే ఆవిరికి పక్కింటి ముసలాడు కూడా మంచం దిగి వచ్చేవాడు.

అంత చెయ్యి తిరిగిన మనిషీ ఆరేళ్లపాటు నది చేప ముట్టలేదు.

మా ఊరంటే ఇప్పుడున్న ఊరు కాదు. అసలు ఊరు నీళ్ల కింద ఉంది. ద్నిప్రో నదికి ఆనకట్ట కట్టి నీళ్లు నిలబెట్టినప్పుడు ఇళ్లు విప్పి, దూలాలు బళ్ల మీద వేసుకుని ఈ మిట్టకు వచ్చాం. ఆవుల్ని తెచ్చుకున్నాం, కోళ్లను తెచ్చుకున్నాం, శ్మశానాన్ని మాత్రం తెచ్చుకోలేకపోయాం. కొందరు తమవాళ్ల ఎముకలు తవ్వి తెచ్చి ఇక్కడ పాతుకున్నారు. మిగతావాళ్లంతా అక్కడే, చేపల కింద పడుకున్నారు. క్రిస్మస్ ముందటి సాయంత్రం వేరే ఊళ్లవాళ్లు గుమ్మంలో నిలబడి, చనిపోయినవాళ్లను భోజనానికి పిలుస్తారు. మేం ఒడ్డుకు పోయి, గడ్డకట్టిన నీటివైపు తిరిగి పిలుస్తాం. పొయ్యిలోంచి తీసిన వంటలు బల్ల మీద పెట్టి, దీపం ఆర్పి, తలుపు ఓరగా వేసి, ఇంట్లో పురుగు కూడా లేకుండా అందరం బయటికి పోతాం. మొదటి ఆవిరి వాళ్లది. వాళ్లు తినేది ఆవిరే కదా. తిరిగొచ్చాక బెంచీ మీద కూర్చునేముందు ఉఫ్ అని ఊది కూర్చోవాలి. ఊదకపోతే ఎవరి ఒళ్లో కూర్చుంటామో ఏం తెలుసు?

కిలీనా మొగుడు సావా. మాట తక్కువ, తిండి ఎక్కువ. రొట్టె బయటికి తీయగానే కన్నం అంచు గిల్లి నోట్లో వేసుకోవడం వాడి అలవాటు.

"నోరు కాలుతుంది, కాస్త ఆగలేవా! నలుగురి ముందు పెట్టేదాన్ని ఎలక కొరికినట్టు చేస్తావు," అని చేతి మీద కొట్టేది కిలీనా. వాడు కాలిన నాలుక బయటపెట్టి నవ్వేవాడు.

ఆ సావా ఆరేళ్ల కిందట, సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు పొద్దున, గడ్డకట్టిన నీటి మీదికి చేపలకు పోయి తిరిగి రాలేదు. జనం పోయి చూస్తే గడ్డలో కన్నం, దాని పక్కన ఒక్క చేతితొడుగు. అంతే. మంచు కరిగింది, వసంతం వచ్చింది, శవం మాత్రం తేల్లేదు. నీళ్లు మనిషిని మింగి తిరిగి ఇవ్వకపోతే ఆ ఇంటివాళ్లు ఆ నీటి చేప తినరు. ఎందుకని మా ఊళ్లో ఎవరూ అడగరు. అడగడానికి ఏముంది?

సావా తల్లి పలాజ్కా ఆ చావును ఒప్పుకోలేదు. దోన్బాస్ గనుల దగ్గర సావాలాంటి వాణ్ణి చూశానని ఎవడో తాగుబోతు లారీ డ్రైవరు కూశాడు. ముసలమ్మ ఆ మాట పట్టుకుంది. "శవాన్ని చూపించండి, అప్పుడు ఏడుస్తా," అనేది. ఒక క్రిస్మస్‌కి పక్కింటావిడ పొరపాటున సావాకి కూడా ఒక పళ్లెం పెట్టబోతే, "బతికున్న బిడ్డకి చచ్చినోళ్ల పళ్లెం పెడతావుటే, నీ చేతులు పడిపోను!" అని వెంటపడి తిట్టింది. కిలీనా ఆ మాటల్లో తలదూర్చలేదు. నిజం చెప్పాలంటే పళ్లెం పెట్టాలని తనకీ లేదు. పెట్టనంతకాలం గేటు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసుకోవచ్చు. అందుకే అత్తాకోడళ్లిద్దరూ ఒకే కొంపలో, ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుకుంటూ బతికారు.

ఆరో ఏడు చలికాలానికి పలాజ్కా మంచాన పడింది. మంచమంటే మంచం కాదు, ఇటుకల పొయ్యి మీద వెచ్చగా ఉండే అరుగు. అక్కడి నుంచే ఇల్లంతా ఏలేది. క్రిస్మస్ ఇంకో వారంలో ఉందనగా ఒకరోజు పైనుంచి పిలిచింది.

"ఏమే కోడలా, ఈ ఏడు చేప రొట్టె చెయ్యి."

"క్యాబేజీ రొట్టె చేస్తాలే అత్తా. పుట్టగొడుగులు కూడా ఉన్నాయి."

"క్యాబేజీ నీ పెళ్లికి పెట్టుకో. చేప కావాలి. మన నీళ్లలో చేపే కావాలి."

కిలీనా చేతిలో ఉన్న చీపురు అలాగే ఆగిపోయింది. "అది మనం తినకూడదు కదా."

"తెలుసు. నాకు నేర్పకు." ముసలమ్మ కాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో ఆ పెత్తనం లేదు. "వాడికి పళ్లెం కూడా పెట్టు."

కిలీనా చీపురు గోడకి ఆనించింది. బెంచీ మీద కూర్చుంది.

"ఆ రోజు వాణ్ణి పంపింది నేనే," అంది పలాజ్కా. "గడ్డ ఇంకా పల్చగా ఉందమ్మా, ఎల్లుండి పోతానన్నాడు. చేప రొట్టె లేని పండగ ఒక పండగేనా, నీ బాబు అయితే ఈపాటికి బుట్ట నింపి తెచ్చేవాడు అన్నాను. నువ్వు కొట్టంలో పాలు పితుకుతున్నావు, నీకు వినబడలేదు. వాడు మారు మాట్లాడకుండా టోపీ పెట్టుకుని పోయాడు. అందుకే వాడు చచ్చాడని ఒప్పుకోలేదే నేను. ఒప్పుకుంటే చంపింది నేనవుతాను కదా."

కిలీనాకి ఆ మాటలన్నీ ఆ రోజే వినబడ్డాయి. గోడ ఎంత మందమని! ఆరేళ్లు అత్త ముఖం చూసినప్పుడల్లా అవి గొంతుదాకా వచ్చాయి, మింగేసింది. ఇప్పుడూ మింగేసింది.

"నేనింక ఎన్నాళ్లో లేను," అంది ముసలమ్మ. "అక్కడికి పోయాక వాడు ఎదురొస్తే ఏ ముఖం పెట్టుకుని చూడను? పిలుద్దాం. వాడు వచ్చి నా బల్ల దగ్గర తిన్నాడా, కోపం లేదని తెలుసుకుని నిమ్మళంగా పోతాను. రాకపోతే..."

"వచ్చాడో రాలేదో మనకెలా తెలుస్తుంది అత్తా?"

"తెలుస్తుంది. వాడి చెయ్యి ఊరుకోదు కదా, గిల్లకుండా ఉంటాడా."

చేప తెచ్చింది నికీఫోర్. సావా ఈడువాడు, పెళ్లాం పోయి ఒంటిగా ఉంటున్నాడు, సమష్టి వ్యవసాయ క్షేత్రం తరఫున చేపలు పట్టే జట్టులో పనిచేస్తాడు. మూరెడు పొడుగు చేపను సంచిలోంచి తీసి మంచులో పడేశాడు.

"ఇదిగో వదినా. నీళ్లలో మునిగిన పాత చర్చి, శ్మశానం ఉన్న చోట పట్టాను. అక్కడివి బాగా బలిసి ఉంటాయి."

"ఏం తిని బలిశాయో చెప్పకు."

"చెప్పనులే." వాడి నవ్వు సగంలో ఆగిపోయింది. "నిజంగా తింటారా?"

"నీకెందుకు? పట్టావు, ఇచ్చావు, ఇంక పో."

పొయ్యి మీదినుంచి పలాజ్కా గొంతు లేచింది. "ఉండనీవే పాపం! ఆరేళ్లుగా కట్టెలు కొట్టిపెడుతున్నాడు, కంచె బాగుచేస్తున్నాడు. అదంతా నా అందం చూసి చేస్తున్నాడనుకున్నావా?" నికీఫోర్ చెవులు ఎర్రబడ్డాయి. టోపీ కిందికి లాక్కుని గబగబా వెళ్లిపోయాడు.

చేప కోయడం కిలీనాకి కళ్లు మూసుకుని చేసే పని. ఆ రోజు మాత్రం కత్తి పట్టుకుని చాలాసేపు నిలబడింది. పొలుసులు గీసింది, రెక్కలు కోసింది, కడుపు దగ్గరికి వచ్చి ఆగింది. సావా గొర్రెతోలు కోటుకి ఇత్తడి గుండీలుండేవి. తనే కుట్టింది, గట్టి దారంతో, ఊడిపోకూడదని. చేప కడుపు కాస్త ఉబ్బెత్తుగా ఉంది. వేలితో నొక్కితే లోపల ఏదో గట్టిగా తగిలింది.

దేవుడా, దేవుడా అనుకుంటూ చీల్చింది. లోపల అరిగీ అరగని బుల్లి చేప ఒకటి ఉంది. అంతే. దాన్ని చూసి కిలీనా నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. గుండీ లేదన్న ఊరటతో ఏడ్చిందో, ఉంటే పీడా విరగడయ్యేదని ఏడ్చిందో తనకే తెలియదు.

ఉపవాసం రోజు కాబట్టి వెన్న లేదు, గుడ్డు లేదు, పాలు లేవు; చేపకి మాత్రం తప్పు లేదు. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లలో పిండి పులియబెట్టింది. పొద్దుతిరుగుడు నూనె పోసి, చేతికి అంటనంతవరకు పిసికి, దుప్పటి కప్పి పొయ్యి పక్కన పెట్టింది. అరగంటకోసారి పైనుంచి ముసలమ్మ "పొంగిందా?" అనేది. "నీలాగే గొణుగుతోంది, పొంగుతుందిలే," అనేది కోడలు. ముళ్లు తీసిన చేప ముక్కలను ఉప్పు, మిరియాలు పట్టించి, ఎర్రగా వేగిన ఉల్లిపాయ మీద పరిచింది. తల, ముళ్లు, బిరియానీ ఆకు వేసి చారు కాచింది. గుడ్డు లేదు కాబట్టి పైన రంగు రావడానికి చక్కెర టీ పూసింది, బాతు ఈకతో. నట్టనడుమ రెండు వేళ్లు పెట్టి తిప్పింది. కన్నం గుండ్రంగా, అంచు నున్నగా వచ్చింది. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. అది తను బాగా చూసుకుంది.

చీకటి పడుతుండగా రొట్టె బయటికి తీసి, కన్నంలోంచి చారు పోసింది. పండగ చేయకూడదని సర్కారు ఆజ్ఞ; బడి పంతుళ్లు ఎవరింట్లో చేస్తున్నారో చూడ్డానికి తిరుగుతారని కిటికీలకు దుప్పట్లు కట్టింది. బల్ల మీద గడ్డి పరిచి, దాని మీద గుడ్డ వేసింది. గోధుమలు, గసగసాలు, తేనె కలిపిన గిన్నె ఒక పక్క. నడుమ రొట్టె. పొయ్యి మూల ఖాళీ బెంచీ ముందు పళ్లెం, చెంచా. పళ్లెం కింద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టింది, ఎవరో నిద్రపోతున్నట్టు.

పిల్లిని బయట పడేసి రావడానికి వెళ్లింది. అది ఎప్పుడూ చేప వాసనకి పిచ్చెత్తిపోతుంది. తిరిగొచ్చేసరికి దీపం ఆరి ఉంది. ముసలమ్మ ఎలా దిగిందో ఏమో, కర్ర పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆయాసపడుతోంది.

"దిగొద్దన్నానా అత్తా! పడితే నడుం విరిగేది."

"విరిగితే విరిగింది, ఇంక దాంతో నాకేం పని? పద, మొదటి చుక్క పొడిచి ఉంటుంది, పిలిచే వేళైంది."

కిలీనా ఆమెకి బూట్లు తొడిగి, శాలువా చుట్టి మెట్టు దింపింది. అప్పుడు తను అనుకున్న పని గుర్తొచ్చింది. రెండు రోజులుగా అదే అనుకుంటోంది. సావా వస్తాడని తనకి నమ్మకం లేదు. రాకపోతే ముసలమ్మ ఆ భయంతోనే పోతుంది. అది చూడటం తన వల్ల కాదు.

"నా శాలువా మరిచిపోయాను, ఇక్కడే ఉండు," అని లోపలికి వచ్చింది. చీకట్లో చెయ్యి చాచి, వేడిని బట్టి రొట్టెను వెతికింది. కన్నం అంచు, తలుపువైపు ఉన్నచోట, బొటనవేలంత ముక్క గిల్లి జేబులో వేసుకుంది. వేలు కాలింది. బయటికి వచ్చి తలుపు ఓరగా వేసింది. పిల్లి కాళ్ల చుట్టూ తిరుగుతూ అరుస్తోంది, దాన్ని చంకలో పెట్టుకుంది.

ఒడ్డున అప్పటికే జనం ఉన్నారు. నికీఫోర్ కూడా ఉన్నాడు, తన పెళ్లాన్ని పిలుస్తున్నాడు. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు ఆ సమయంలో. తెల్లగా పరుచుకున్న గడ్డ అంచు కూడా కనిపించడం లేదు. పలాజ్కా తన మొగుణ్ణి పిలిచింది, అత్తమామల్ని పిలిచింది, చిన్నప్పుడే పోయిన కూతుర్ని పిలిచింది. ఆగింది. కోడలి మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"సావా," అంది. పక్కనున్న కోడలికే వినబడింది. మళ్లీ అంది, ఈసారి అరిచింది. "ఒరే సావా! రారా నాన్నా! అమ్మని రా! అన్నం చల్లారిపోతోంది!"

ఒడ్డున అందరూ మాటలు ఆపేశారు. ఆరేళ్లలో ఆ పేరు అక్కడ వినబడటం అదే మొదలు. దూరంగా, పాత చర్చి ఉన్న వైపు, గడ్డ పెళపెళమని చీలిన చప్పుడైంది. ఆ చప్పుడు ఒడ్డువైపు పరుగెత్తుకుంటూ వచ్చి, వాళ్ల కాళ్ల దగ్గర ఆగిపోయింది. చలికి గడ్డ చీలుతుంది, అది మాకు కొత్త కాదు. అయినా ఎవరూ కదల్లేదు. చంకలో పిల్లి ఒళ్లు బిగబట్టి, ఒక్క ఉదుటున దూకి వేరేవాళ్ల పెరట్లోకి పారిపోయింది.

ఇంటికి వచ్చి కిలీనా కొవ్వొత్తి వెలిగించింది. ముసలమ్మని పట్టుకుని బల్ల దగ్గరికి తెచ్చింది. వెలుతురు రొట్టె మీద పడింది.

కన్నం అంచు తలుపువైపు విరిగి ఉంది. అది తను గిల్లినదే. దేవుడి పటంవైపు కూడా విరిగి ఉంది, చిన్నగా. ఇక మూడోవైపు, ఖాళీ బెంచీ ఉన్న వైపు, ఒక మగాడి చెయ్యి పట్టేంత పెద్ద ముక్క లేదు. లోపలి చేప కనిపిస్తోంది. అక్కడి నుంచి పళ్లెం దాకా గుడ్డ తడిసి ఉంది.

చారు ఒలికిందేమోనని కిలీనా గుడ్డను వేలితో ముట్టుకుంది. చారు కాదు. మంచులా చల్లటి నీళ్లు. అత్త ముఖంలోకి చూసింది. ముసలమ్మ కూడా కళ్లు పెద్దవి చేసి, నోరు తెరుచుకుని, రొట్టెనే చూస్తోంది. భయపడిన ముఖం. నిజంగా భయపడిన ముఖం. మెల్లగా ఆ భయం కరిగి, పళ్లు లేని నోరు నవ్వింది.

"చూశావుటే," అంది గుసగుసగా. "ఎంత ఆకలో నా బిడ్డకి. ఎంత ఆకలితో వచ్చాడో."

ఇద్దరూ బెంచీ మీద ఉఫ్ అని ఊది కూర్చున్నారు. పలాజ్కా ఆ రోజు రెండు ముక్కలు తింది. ఆరేళ్లలో అంత తినగా కిలీనా చూడలేదు. తింటూ మధ్యలో, పక్కనున్న వాడితో అన్నట్టు, "ఉప్పు సరిపోయిందిరా," అంది. కిలీనాకి ముద్ద దిగలేదు గానీ, నది చేప రుచి నాలుకకి తగలగానే ఆపలేకపోయింది. ఏడుస్తూ తింది.

ముసలమ్మ ఆ చలికాలం దాటలేదు. గడ్డ ఇంకా కరగకముందే, నిద్రలో, ముఖం మీద ఏ బాధా లేకుండా పోయింది. స్నానం చేయించడానికి కిలీనా ఆమె తలగుడ్డ విప్పితే, చివర ముడి ఒకటి కనిపించింది. విప్పింది. లోపల ఎండిపోయి రాయిలా ఉన్న రొట్టె అంచు ముక్క. చిన్నది, ముసలి వేళ్లు గిల్లిన ముక్క.

కిలీనా దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. దీపం ఎందుకు ముందే ఆరిందో, ముసలమ్మ ఎందుకు ఆయాసపడిందో అప్పుడు అర్థమైంది. "ఓసి ముసలిదానా," అంది శవంతో. "నా కోసమా? వాడొచ్చాడని నేను నమ్మి, గేటువైపు చూడ్డం మానేసి, బతుకు చూసుకుంటాననా?" నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. ఒకర్నొకరు మోసం చేసుకోడానికి అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే రొట్టెను గిల్లారు.

తను దాచిన ముక్క దేవుడి పటం వెనక ఉంది. తీసుకొచ్చి, రెండూ కలిపి ముసలమ్మ గుప్పిట్లో పెట్టి వేళ్లు మూసింది. "వాడికివ్వు. నువ్వూ తిను," అంది. అప్పుడు కిలీనా మనసులో ముక్కలు లెక్కపెట్టింది. రెండు ముక్కలకి లెక్క దొరికింది. మూడో ముక్క, అన్నిటికంటే పెద్దది, ఆ పొయ్యి మూలవైపుది, దానికి దొరకలేదు. ఆ సాయంత్రం అత్త ముఖంలో తను చూసిన భయం గుర్తొచ్చింది. తను గిల్లని చోట కూడా విరిగి ఉండటం చూసి భయపడింది ముసలమ్మ. తర్వాత నవ్వింది.

మరుసటి ఏడు కిలీనా ఒంటరిగా రొట్టె చేసింది. మళ్లీ పాత చర్చి వైపు చేపే. కన్నం గుండ్రంగా చేసి, ఈసారి దాని మీద చెయ్యి వేయలేదు. పొయ్యి మూల రెండు పళ్లేలు పెట్టింది. దీపం ఆర్పింది. ఒడ్డుకు పోయి ఇద్దర్నీ పిలిచింది, గట్టిగా, సిగ్గుపడకుండా. గడ్డ చీలింది.

వచ్చి కొవ్వొత్తి వెలిగించింది. కన్నం అంచు రెండు చోట్ల విరిగి ఉంది. ఒకటి పెద్దది. దాని పక్కనే, ఆనుకుని, ఒకటి చిన్నది. గుడ్డ తడిసి ఉంది.

ఆమెకి భయం వేయలేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు, అంటే కోపం లేదు. అంతే కదా ముసలమ్మ అడిగింది. "నోరు కాలుతుంది, కాస్త ఆగలేవా," అంది ఖాళీ బెంచీతో. అనగానే గుండె తేలికపడింది, ఎన్నేళ్ల తర్వాతో.

గేటు చప్పుడైంది. ఆమె తలెత్తి చూడలేదు. ఎవరో తెలుసు.

"వదినా, ఒక్కదానివే ఉన్నావని..." నికీఫోర్ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "రావచ్చా?"

"వచ్చాక అడుగుతావేం? రా. తలుపు వెయ్, చలి." కిలీనా కత్తి తీసుకుని, రొట్టెను అవతలివైపు నుంచి కోయడం మొదలుపెట్టింది. నికీఫోర్ పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని మూల బెంచీవైపు నడిచాడు.

"అక్కడ కాదు," అంది కిలీనా. "అక్కడ మనుషులున్నారు. నా పక్కకి రా. ఊది కూర్చో."